మతిమరుపు రాకుండా 40లోనే మొదలుపెట్టాల్సిన పనులు

గవర్నమెంటు ఆసుపత్రి మెడికల్ వార్డులో స్టాఫ్ నర్సుగా చేరి, హెడ్ నర్సుగా రిటైరయ్యాను. ఇప్పుడు కాకినాడలో ఉంటున్నాను. వీధిలో వాళ్లు, చుట్టాలు ఏ అనుమానం వచ్చినా ఇప్పటికీ ఇంటికొచ్చి అడుగుతారు. ఈమధ్య ఎక్కువగా అడిగేది ఒకటే: "సిస్టరుగారూ, పెద్దయ్యాక మతి పోకుండా ఏం తినమంటారు? రోజూ బాదం నానబెట్టి తింటున్నాను, సరిపోతుందా?"

బాదం తినండి, మంచిదే. కానీ నేను తిరిగి అడిగే ప్రశ్న వేరే ఉంటుంది. మీ బీపీ ఎంత? చివరిసారి ఎప్పుడు చూపించుకున్నారు? దీనికి వెంటనే జవాబు చెప్పేవాళ్లు తక్కువ. 40 దాటినవాళ్లు మెదడు కోసం ఒక్క పని మాత్రమే చేయగలమంటే, బీపీ అదుపులో పెట్టుకోమనే చెబుతాను. తిండి, నడక, నిద్ర, నలుగురితో మాటలు ఆ తర్వాత వరసలో వస్తాయి.

ఇది నా ఒక్కదాని అభిప్రాయం కాదు. డిమెన్షియా అంటే పెద్దవయసులో వచ్చే మతిమరుపు జబ్బు. దానికి దారితీసే వాటిలో మనం మార్చుకోగలిగినవి 14 ఉన్నాయని లాన్సెట్ వైద్యపత్రిక ఏర్పాటు చేసిన నిపుణుల కమిషన్ 2024లో తేల్చింది. చిన్నప్పుడు చదువు లేకపోవడం, వినికిడి తగ్గడం, చూపు తగ్గినా పట్టించుకోకపోవడం, బీపీ, షుగర్, చెడు కొలెస్ట్రాల్, ఊబకాయం, పొగ తాగడం, మితిమీరి మద్యం తాగడం, ఒళ్లు కదలకపోవడం, డిప్రెషన్, ఒంటరితనం, తలకు దెబ్బ తగలడం, గాలి కాలుష్యం. వీటిని సరిదిద్దుకోగలిగితే సుమారు 45 శాతం కేసులను ఆపవచ్చు, లేదా కొన్నేళ్లు వెనక్కి నెట్టవచ్చు అని వాళ్ల అంచనా. మన దేశంలో 60 దాటినవాళ్లలో దాదాపు 88 లక్షల మందికి ఈ జబ్బు ఉందని 2023లో ఒక అంచనా వచ్చింది. 45 శాతం అంటే ఎన్ని ఇళ్లో ఆలోచించండి.

మిగతా సగానికి పైగా మన చేతిలో లేదు. అన్నీ పాటించినవాళ్లకూ రావచ్చు. అందుకే ఈ జబ్బు వచ్చినవాళ్ల దగ్గర కూర్చుని "సరిగ్గా తినలేదు, వాకింగ్ చేయలేదు" అని మాట్లాడకండి. మా అత్తగారు జీవితమంతా మితంగా తిని, పొలం పని చేసిన మనిషి. చివరి ఏళ్లలో నన్ను వాళ్ల అక్క అనుకునేవారు. అది ఆవిడ తప్పు కాదు.

ముందు బీపీ

మన ఒంటి బరువులో మెదడు 2 శాతమే. కానీ మనం పీల్చే ప్రాణవాయువులో అయిదో వంతు అదే వాడుకుంటుంది. ఆ రక్తాన్ని లోపలి మూలల దాకా అందించే నాళాలు చాలా సన్నవి. ఏళ్ల తరబడి బీపీ ఎక్కువగా ఉంటే ఆ గోడలు గట్టిపడతాయి, కొన్ని మూసుకుపోతాయి. మనిషికి ఏమీ తెలియదు. చెయ్యి పడిపోదు, మూతి వంకరపోదు. మెదడులో చిన్న చిన్న చోట్ల మాత్రం రక్తం ఆగిపోతూ ఉంటుంది. ఆలోచన నెమ్మదించడం, లెక్క తప్పడం, పని మొదలుపెట్టి మధ్యలో మరిచిపోవడం తర్వాతెప్పుడో బయటపడతాయి.

పక్షవాతంతో వార్డుకు వచ్చినవాళ్ల ఇంటివాళ్లు చెప్పే మాట నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. "బీపీ ఉందని తెలుసండి. తలనొప్పి లేదు, కళ్లు తిరగడం లేదు, తగ్గిందనుకుని మాత్ర ఆపేశారు." బీపీకి లక్షణాలు ఉండవు. మాత్ర వేసుకుంటున్నారు కాబట్టే అది మామూలుగా ఉంది. నార్మల్ వచ్చిందని మాత్ర మీ అంతట మీరు ఆపకండి.

చైనాలో 326 పల్లెల్లో దాదాపు 34 వేల మంది బీపీ ఉన్నవాళ్లతో ఒక పెద్ద పరిశీలన జరిగింది. పెద్ద డాక్టర్లు కాదు, ఊళ్లో ఉండే గ్రామ వైద్యులే సగం పల్లెల్లో బీపీ గట్టిగా అదుపు చేసే బాధ్యత తీసుకున్నారు. చవక మాత్రలు, క్రమంగా చూడడం, ఉప్పు తగ్గించమని చెప్పడం, అంతే. 4 ఏళ్లలో ఆ పల్లెల్లో డిమెన్షియా 15 శాతం తక్కువగా కనిపించింది. 2025లో ఆ ఫలితాలు చదివినప్పుడు నాకు చాలా సంతోషం వేసింది. స్కానింగ్ సెంటర్లు, ఖరీదైన మందులు లేకుండా పల్లెలో జరిగిన పని అది. మన ఏఎన్ఎంలు, ఆశా కార్యకర్తలు చేయలేనిది అందులో ఏమీ లేదు.

బీపీ చూసుకునే పద్ధతి ఉంది. మెట్లెక్కి వచ్చి, ఆయాసపడుతూ, మాట్లాడుతూ చూపించుకుంటే తప్పు లెక్క వస్తుంది. చూసే ముందు అరగంట టీ, కాఫీ, సిగరెట్ వద్దు. బాత్రూంకు వెళ్లి రండి. వీపు ఆనించి, పాదాలు నేలకు ఆనేలా, కాలు మీద కాలు వేసుకోకుండా 5 నిమిషాలు ఊరికే కూర్చోండి. చెయ్యి బల్ల మీద గుండె ఎత్తులో పెట్టండి. నిమిషం ఆగి రెండోసారి చూసి, రెండూ రాసుకోండి. ఇంటికి మెషిన్ కొనేటట్టయితే మణికట్టుకు కట్టేది కాకుండా జబ్బకు కట్టేది తీసుకోండి. కొనలేకపోతే ఊళ్లో ఆరోగ్య ఉపకేంద్రంలో, పీహెచ్‌సీలో ఉచితంగా చూస్తారు.

ఎంత ఉండాలన్నది మీ డాక్టరు చెప్పాలి. చాలామందికి 130/80 లోపు ఉంచాలని చూస్తారు. బాగా పెద్దవాళ్లకు, లేచి నిలబడితే కళ్లు తిరిగేవాళ్లకు ఆ లెక్క మారుతుంది. పడిపోతే అదొక ప్రమాదం కదా.

షుగర్ గురించి అందరికీ తెలిసిందే మళ్లీ చెప్పను. తెలియని సంగతి ఒకటుంది. షుగర్ పెరిగితే ఎంత నష్టమో, పెద్దవాళ్లలో బాగా పడిపోవడం కూడా మెదడుకు అంత నష్టం. కార్తీక సోమవారం ఉపవాసం అంటారు, పొద్దున్న మాత్ర మాత్రం వేసేసుకుంటారు. సాయంత్రానికి చెమటలు, తికమక మాటలు, స్పృహ తప్పడం. ఉపవాసం ఉండదలచుకుంటే నాలుగు రోజుల ముందే డాక్టరును అడిగి మాత్ర సంగతి తేల్చుకోండి.

ఉప్పు ప్యాకెట్ మీద తేదీ రాయండి

ఉప్పు తగ్గించండి అంటే అందరూ "మేం తక్కువే వేసుకుంటామండి" అంటారు. తక్కువో ఎక్కువో తెలుసుకోవడానికి ఒక పద్ధతి ఉంది. కొత్త ఉప్పు ప్యాకెట్ విప్పిన రోజు దాని మీద పెన్నుతో తేదీ రాయండి. మనిషికి రోజుకు 5 గ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అంటే ఒక టీ స్పూను కన్నా కాస్త తక్కువ. ఇంట్లో నలుగురుంటే నెలకు 600 గ్రాములు. కిలో ప్యాకెట్ నెలన్నర దాటి రావాలి. అది కూడా పచ్చళ్లు, అప్పడాలు, హోటల్ టిఫిన్లు లెక్కలో కలపకుండా. చాలా ఇళ్లలో కిలో ప్యాకెట్ నెల కూడా రాదు. ఒకసారి లెక్క చూసుకున్నాక ఎవరూ మళ్లీ "తక్కువే" అనలేదు.

ఆవకాయ మానేయమని గోదావరి జిల్లాల్లో ఎవరికీ చెప్పలేం, చెప్పినా వినరు. నేను చెప్పేది ఇది. పచ్చడి రోజుకు ఒక్క పూటే. ఆ పూట అప్పడం, వడియం, ఊరమిరపకాయ వద్దు. ఆ పూట కూరలో, పప్పులో ఉప్పు సగం వేయండి. మజ్జిగలో ఉప్పు అసలు వద్దు. అన్నం ఉడికేటప్పుడు ఉప్పు వేసే అలవాటుంటే మానండి. ఉప్పు తగ్గినచోట పులుపు, ఘాటు పెంచండి. నిమ్మకాయ, మామిడికాయ, వెల్లుల్లి, జీలకర్ర, కరివేపాకు, మిరియం మనకు కొత్తవా? ఒక్కసారిగా కాకుండా వారానికి కొంచెం చొప్పున తగ్గిస్తే నాలుక కొన్ని వారాల్లో అలవాటు పడుతుంది. ఆ తర్వాత పెళ్లి భోజనంలో సాంబారు మీకే ఉప్పగా తగులుతుంది.

షాపుల్లో తక్కువ సోడియం ఉప్పు అని అమ్ముతారు. అందులో సోడియం బదులు కొంత పొటాషియం ఉంటుంది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు అది ప్రమాదం. కొన్ని బీపీ మాత్రలతో కూడా పడదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం లాంటి చోట్ల కిడ్నీ బాధితులు ఎంతమంది ఉన్నారో తెలుసు కదా. డాక్టరును అడగకుండా ఆ ఉప్పు కొనకండి.

కంచంలో ముందు కూర, తర్వాత అన్నం

మన భోజనంలో అసలు ఇబ్బంది ఒక్కటే. కంచం నిండా తెల్లన్నం, పక్కన కాస్త కూర. జాతీయ పోషకాహార సంస్థ హైదరాబాద్ తార్నాకలోనే ఉంది. వాళ్లు 2024లో ఇచ్చిన సూచనల్లో కంచంలో సగం కూరగాయలు, ఆకుకూరలు, పళ్లు, దుంపలే ఉండాలన్నారు. అది సాధించడానికి కొలతలు, తూకాలు అక్కర్లేదు. వడ్డించే వరస మార్చండి. ముందు కూర, పప్పు కంచంలో వేసుకోండి. సగం నిండాక మిగిలిన చోట అన్నం పెట్టుకోండి. మారు అన్నం అడిగే ముందు మారు కూర అడగండి.

ఆకుకూర మాత్రం రోజూ ఉండాలి. అమెరికాలో చికాగోలోని రష్ యూనివర్సిటీ వాళ్లు 960 మంది పెద్దవాళ్లను కొన్నేళ్లు గమనించారు. రోజూ ఒక పూట ఆకుకూర తినేవాళ్ల జ్ఞాపకశక్తి, దాదాపు తిననివాళ్లతో పోలిస్తే 11 ఏళ్లు చిన్నవాళ్లకు ఉన్నట్టుగా ఉందని 2018లో రాశారు. కేవలం ఆకుకూర వల్లే అని అంత తేలిగ్గా చెప్పలేం, ఆకుకూర తినేవాళ్లకు వేరే మంచి అలవాట్లు కూడా ఉంటాయి. అయినా మనకు ఇంత చవకగా, ఇన్ని రకాలు దొరుకుతుంటే తినకపోవడం ఎందుకు? తోటకూర, పాలకూర, బచ్చలి, చుక్కకూర, గోంగూర, పొన్నగంటి, మెంతికూర. మునగాకు ఒక చెట్టుంటే వీధంతటికీ సరిపోతుంది. పప్పులో వేయండి, పులుసులో వేయండి, పెసరట్టు పిండిలో కలపండి. పళ్లు లేని పెద్దవాళ్లు ఆకుకూర మానేయడానికి కారణం నమలలేకపోవడమే. వాళ్లకు పప్పులో మెత్తగా ఎనిపి పెట్టండి. వీలైతే కట్టుడు పళ్లు పెట్టించండి. నోట్లో పళ్లు పోయాక తిండి ఎంత కుదించుకుపోతుందో మనం గమనించం.

చేపలు తినేవాళ్లు వారానికి ఒకటి రెండుసార్లు తినండి. మెదడుకు కావలసిన ఒమేగా-3 కొవ్వు ఎక్కువగా ఉండేది ఖరీదైన చేపల్లో కాదు. కవళ్లు, కానాగంతలు లాంటి చిన్న సముద్రపు చేపల్లో ఉంది. మా కాకినాడ మార్కెట్లో చవగ్గా దొరికేవి ఇవే. పులుసు పెట్టండి. నూనెలో కరకరలాడేలా వేయిస్తే ప్రయోజనం చాలావరకు పోతుంది. ఉప్పుచేప మాత్రం బీపీ ఉన్నవాళ్లకు వద్దు. శాకాహారులు అవిసె గింజలు వేయించి, నువ్వులు, కరివేపాకు, ఎండుమిర్చి, వెల్లుల్లితో పొడి కొట్టుకుని మొదటి ముద్దలో కలుపుకోవచ్చు. గింజల్లో ఉండే ఒమేగా-3 చేపల్లో దానితో సమానం కాదు, కానీ మంచిదే.

బాదం కొనలేనివాళ్లు బాధపడకండి. గుప్పెడు వేరుశనగ గింజలు చాలు, ఉడకబెట్టినా, వేయించినా. నూనె ఏదైనా మితంగా, కాచిన నూనె మళ్లీ మళ్లీ కాచకుండా వాడండి. రాగి, జొన్న, కొర్రలు మీకు ఇష్టమైతే ఒక పూట తినండి. ఒక్కటి మాత్రం మరిచిపోవద్దు, కొర్రన్నమైనా కుప్ప పోసుకుని తింటే షుగర్ పెరుగుతుంది.

ఫలానా ఒక్క పదార్థం మెదడును కాపాడుతుందని ఎవరు చెప్పినా నమ్మకండి. అమెరికాలో మెదడు కోసమనే తయారుచేసిన 'మైండ్ డైట్'ను 604 మంది మీద 3 ఏళ్లు పరీక్షించి 2023లో ఫలితాలు ఇచ్చారు. మామూలు మితాహారం తిన్నవాళ్లకూ, వీళ్లకూ పెద్ద తేడా రాలేదు. ఇంకోవైపు, ఫిన్లాండ్‌లో 60 నుంచి 77 ఏళ్ల వయసున్న 1,260 మందిలో సగం మందికి తిండి, వ్యాయామం, మెదడుకు పని, బీపీ-షుగర్ జాగ్రత్తలు అన్నీ కలిపి 2 ఏళ్లు చేయించారు. వాళ్లు ఉత్త సలహాలు మాత్రమే అందుకున్నవాళ్ల కన్నా మెరుగ్గా ఉన్నారని 2015లో తేలింది. అన్నీ కలిస్తే బాగా పని చేస్తాయి. మెమరీ టానిక్కులు, విటమిన్ బిళ్లలు అందరూ మింగాల్సిన పనిలేదు. ఆ డబ్బుతో కూరగాయలు కొనండి. సరస్వతి ఆకు పచ్చడి చేసుకుంటే నాకు అభ్యంతరం లేదు. దాన్ని నమ్ముకుని బీపీ మాత్ర ఆపితేనే అభ్యంతరం.

ఒంటరిగా ఉన్న అమ్మానాన్నల వంటిల్లు

దీని గురించి ఎవరూ రాయరు, అందుకే కాస్త ఎక్కువ చెబుతాను. మా చుట్టుపక్కల ప్రతి నాలుగో ఇంట్లో పిల్లలు హైదరాబాద్‌లోనో, బెంగళూరులోనో, అమెరికాలోనో ఉన్నారు. ఇంట్లో ఉన్నది ఇద్దరు, లేదా ఒక్కరే. "నా ఒక్కదానికి ఏం వండుకుంటానులే" అని మధ్యాహ్నం పెరుగన్నం, పచ్చడి. రాత్రికి టీ, నాలుగు బిస్కెట్లు. వీడియో కాల్‌లో "తిన్నావా అమ్మా?" అంటే "తిన్నాను" అంటారు. అబద్ధం కాదు, తిన్నారు. కానీ అందులో పప్పు లేదు, ఆకు లేదు, గుడ్డు లేదు.

విదేశాల్లో ఉన్న పిల్లలు "తిన్నావా" అని కాకుండా "ఏం కూర చేశావు?" అని అడగండి. వారానికి ఒకసారి ఫ్రిజ్ తలుపు తీసి చూపించమనండి. కూరగాయలు కోసి ఇచ్చే మనిషిని పెట్టండి. కోయడమే వాళ్లకు కష్టం, చేతి వేళ్ల నొప్పులు. పక్కింటి ఆవిడతో కూర మార్చుకునే ఏర్పాటు చేసుకుంటే ఇద్దరికీ రెండు రకాలు ఉంటాయి. మా వీధిలో ఇద్దరు పెద్దావిడలు మధ్యాహ్నం భోజనం ఒకరింట్లో ఒకరు చేయడం మొదలుపెట్టారు. ఇద్దరి ఒళ్లూ తేరుకున్నాయి.

ఇలా తినేవాళ్లలో బి12 విటమిన్ తగ్గడం చాలా మామూలు. ఇది పాలు, గుడ్లు, చేప, మాంసంలోనే ఉంటుంది, ఆకుల్లో, గింజల్లో దొరకదు. శుద్ధ శాకాహారులు, ఏళ్ల తరబడి షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లు, గ్యాస్ మాత్రలు రోజూ మింగేవాళ్లు జాగ్రత్తగా ఉండాలి. అరికాళ్లు తిమ్మిర్లు, మంటలు, నడకలో తూలు, నాలుక నున్నగా అయిపోవడం, మతిమరుపు దీని లక్షణాలు. రక్తపరీక్షతో తెలుస్తుంది. తొందరగా పట్టుకుంటే ఆ మతిమరుపు చాలావరకు వెనక్కి పోతుంది. పరీక్ష లేకుండా నీరసమని గ్లూకోజ్ సెలైన్ ఎక్కించుకోవడం వల్ల బి12 రాదు.

నీళ్ల సంగతి కూడా. రాత్రి లేవాల్సి వస్తుందని పెద్దవాళ్లు నీళ్లు తాగడం మానేస్తారు. వయసుతో దాహం తెలియడం తగ్గుతుంది. ఎండాకాలంలో ఒక్కసారిగా తికమక పడటానికి ఇదొక కారణం. సాయంత్రం 6 లోపు నీళ్లు, పల్చటి మజ్జిగ బాగా తాగించి, తర్వాత తగ్గించండి. గుండె, కిడ్నీ జబ్బులకు నీళ్లు కొలిచి తాగమన్నవాళ్లు ఆ కొలతే పాటించాలి.

చెవులు, కళ్లు

చెవి సరిగా వినపడకపోతే మెదడుకు ఏమవుతుంది? మాట సగం వినపడినప్పుడు మిగతా సగం ఊహించడానికే మెదడు శక్తి అంతా ఖర్చవుతుంది. గుర్తుపెట్టుకోవడానికి మిగలదు. తర్వాత మనిషి మాటల్లోంచి తప్పుకుంటాడు. పెళ్లిలో మూల కుర్చీ, ఇంట్లో వెనక గది. అమెరికాలో 70 నుంచి 84 ఏళ్లవాళ్లకు వినికిడి మెషిన్లు ఇచ్చి 3 ఏళ్లు చూశారు. మొత్తం అందరినీ కలిపి చూస్తే తేడా రాలేదు. డిమెన్షియా ముప్పు ఎక్కువగా ఉన్నవాళ్లలో మాత్రం ఆలోచనాశక్తి తగ్గడం 48 శాతం నెమ్మదించిందని 2023లో తేలింది.

కళ్లజోడుకు లేని సిగ్గు చెవి మెషిన్‌కు ఎందుకో! టీవీ సౌండ్ పెంచమంటున్నా, ఫోన్లో "ఆఁ? ఏంటి?" అంటున్నా చెవి పరీక్ష చేయించండి. కొన్నిసార్లు గులిమి గట్టిపడి ఉంటుంది, తీస్తే సరిపోతుంది. పుల్లలు, పిన్నీసులు పెట్టకండి. మెషిన్ పెట్టిన కొత్తలో అన్ని శబ్దాలూ గోలగా ఉంటాయి. పెట్టెలో పెట్టేయకుండా మొదట ఇంట్లో గంట చొప్పున మొదలుపెట్టి పెంచుకుంటూ పోవాలి. కొనలేని పేదవాళ్లకు కేంద్ర ప్రభుత్వ రాష్ట్రీయ వయోశ్రీ యోజన ఉంది. అది 2017లో మన నెల్లూరు జిల్లాలోనే మొదలైంది. 60 దాటిన పేదవాళ్లకు వినికిడి మెషిన్లు, కళ్లజోళ్లు, కట్టుడు పళ్లు, చేతికర్రలు ఉచితంగా ఇస్తారు. క్యాంపు ఎప్పుడో కలెక్టరేట్‌లో వయోవృద్ధుల విభాగాన్ని అడగండి. శుక్లాలుంటే ఆపరేషన్ వాయిదా వేయకండి.

నడక, కోలాటం, రెండో భాష

వారానికి 150 నిమిషాలు, మాట్లాడగలిగి పాట పాడలేనంత వేగంతో నడవాలి. కాళ్లలో బలం కూడా కావాలి. గోడకు ఆనించిన కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేచి కూర్చోవడం పూటకు పదిసార్లు చేయండి. పడిపోకుండా ఉండటానికి అదే పెద్ద రక్ష. బండి మీద వెళితే హెల్మెట్ పెట్టుకోండి, వెనక కూర్చున్నా సరే.

ఈమధ్య ఊరూరా ఆడవాళ్ల కోలాటం బృందాలు వచ్చాయి. నాకు అవంటే చాలా ఇష్టం. అడుగు గుర్తుండాలి, పాట గుర్తుండాలి, పక్కవాళ్ల కర్రకు మన కర్ర తగలాలి, గుండ్రంగా తిరగాలి. ఒళ్లు, జ్ఞాపకం, స్నేహం మూడూ ఒక్క గంటలో వస్తాయి. ఫోన్లో ఒంటరిగా ఆడే మెదడు ఆటల కన్నా నేను దీన్నే నమ్ముతాను. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు భజనలో కొత్త కీర్తన నేర్చుకోండి. మగవాళ్లకు రచ్చబండ ఉంది, లైబ్రరీ ఉంది. అష్టాచెమ్మా, పులిజూదం మనవలకు నేర్పండి. తెలిసిందే మళ్లీ మళ్లీ చేస్తే చాలదు, కాస్త కష్టంగా ఉండే కొత్తది ఏదో ఒకటి ఉండాలి.

భాష విషయంలో మనవాళ్ల పరిశోధనే ఉంది. హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించింది. రెండు, అంతకన్నా ఎక్కువ భాషలు మాట్లాడేవాళ్లకు ఆ జబ్బు, ఒక్క భాషే వచ్చినవాళ్ల కన్నా సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందని 2013లో ప్రకటించారు. బడికి వెళ్లనివాళ్లలో కూడా ఆ తేడా కనిపించింది. బజారులో ఉర్దూ, ఇంట్లో తెలుగు మాట్లాడే కూరగాయలామెకు కూడా అది వర్తిస్తుందన్నమాట. బెంగళూరులో పిల్లల దగ్గరకు వెళ్లిన పెద్దవాళ్లు అపార్ట్‌మెంట్లో మూగగా కూర్చోకుండా పాలవాడితో, వాచ్‌మన్‌తో నాలుగు కన్నడ ముక్కలు మొదలుపెట్టండి. అమెరికాలో ఉండే మనవలకు మీరు తెలుగు నేర్పండి, వాళ్ల దగ్గర ఇంగ్లీషు నేర్చుకోండి.

నిద్ర, పొగ, మద్యం

రాత్రి 7 గంటలు నిద్ర కావాలి. మధ్యాహ్నం అరగంట మించి పడుకుంటే రాత్రి పట్టదు. గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టయ్యేవాళ్లను డాక్టరుకు చూపించాలి, అది బీపీని కూడా పెంచుతుంది. నిద్ర పట్టలేదని మందుల షాపులో అల్ప్రాజోలం లాంటి మాత్ర కొనుక్కుని ఏళ్ల తరబడి వేసుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. పెద్దవాళ్లలో అది మతిమరుపు తెస్తుంది, తూలి పడేలా చేస్తుంది. అలాగని ఒక్కసారిగా ఆపకూడదు. డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి.

సిగరెట్, చుట్ట, అడ్డపొగ, ఖైనీ, గుట్కా ఏదీ వద్దు. ఏ వయసులో మానినా లాభమే. మద్యం ఎంత తగ్గిస్తే అంత మంచిది. దిగులు ఎక్కువైతే, ఏ పనీ చేయబుద్ధి కాకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు. డిప్రెషన్ చూడటానికి మతిమరుపులాగే ఉంటుంది, కానీ వైద్యంతో తగ్గుతుంది.

ఎప్పుడు డాక్టరు దగ్గరకు

పేరు నోటి చివర ఆగిపోవడం, తాళాలు ఎక్కడో పెట్టి వెతుక్కోవడం వయసుతో అందరికీ ఉంటుంది. తాళం దేనికో తెలియకపోవడం, తెలిసిన వీధిలో దారి తప్పడం, ఏళ్లుగా చేసిన పులిహోర ఎలా చేయాలో మరిచిపోవడం, గంటలో అదే ప్రశ్న మళ్లీ మళ్లీ అడగడం, డబ్బు లెక్క తప్పడం, స్వభావం మారిపోవడం కనిపిస్తే చూపించాలి. "పెద్దతనం, చాదస్తం" అని వదిలేయకండి. థైరాయిడ్, బి12, సోడియం తగ్గడం లాంటివి కారణమైతే సరిచేయవచ్చు.

నిన్నటిదాకా బాగున్న మనిషి ఒక్క రోజులో తికమకగా మాట్లాడితే అది మతిమరుపు జబ్బు కాదు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, న్యుమోనియా, సోడియం పడిపోవడం, షుగర్ పడిపోవడం, కొత్త మాత్ర, ఇలా ఏదో ఒకటి ఉంటుంది. అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. కొన్ని వారాల క్రితం బాత్రూంలో జారిపడి ఉంటే ఆ సంగతి తప్పకుండా చెప్పండి. తలలో రక్తం నెమ్మదిగా చేరుతూ తర్వాత బయటపడవచ్చు. మూతి వంకర, చెయ్యి బలహీనం, మాట ముద్దగా రావడం కనిపిస్తే నూనె మర్దనాలు, ఆకు పసర్లు వద్దు. వెంటనే 108. రక్తపు గడ్డను కరిగించే ఇంజక్షన్ నాలుగున్నర గంటల్లోపే ఇవ్వగలరు. లక్షణం మొదలైన టైము గుర్తుపెట్టుకోండి, డాక్టరు మొదట అడిగేది అదే.

మామూలు పరీక్షకు వెళ్లేటప్పుడు రోజూ పక్కన ఉండే మనిషి వెంట వెళ్లాలి. మరిచిపోతున్న మనిషికి తాను మరిచిపోతున్నట్టు చాలాసార్లు తెలియదు. ఏ మార్పు ఏ నెలలో కనిపించిందో ఒక కాగితం మీద రాసుకోండి. బీపీ రాసిన పుస్తకం, పాత రిపోర్టులు, కళ్లజోడు, చెవి మెషిన్ పట్టుకెళ్లండి. మాత్రలు పేర్లు చెప్పడం కాదు, ఇంట్లో ఉన్న మందుల సంచి మొత్తం తీసుకెళ్లి బల్ల మీద పెట్టండి. షాపులో సొంతంగా కొన్న నిద్రమాత్ర, జలుబు మాత్ర, నాటు మందు పొట్లం కూడా.